ఐదో తరగతి ఆవు

ఆవు తోక ఎంత పొడవుండాలన్న దాని మీద మా ఐదో తరగతిలో వారం రోజులు వాదన నడిచింది. అది అట్టతో చేసిన ఆవే, కానీ వాదన మాత్రం నిజమైనదే. ఒకవైపు నేను, మరోవైపు తరగతి మొత్తం.

నేను కర్ణాటక సరిహద్దులోని బాగేపల్లిలో, ఆ తర్వాత చింతామణిలో హైస్కూలు పిల్లలకు చిత్రలేఖనం చెప్పి రిటైరయ్యాను. చింతామణిలోనే ఇల్లు. రిటైరయ్యాక కొంతకాలం ఇంట్లో ఉన్న మూడు గడియారాలూ ఒకే టైము చూపిస్తున్నాయా లేదా అని చూసుకుంటూ గడిపాను. నా దగ్గర చదువుకున్న ఒకామె దగ్గరి పల్లెలో ప్రాథమిక పాఠశాలకు పెద్దమిస్ అయింది. ఒకరోజు కూరగాయల బజారులో నన్ను పట్టుకుంది.

"మేడం, మా బళ్లో ఇద్దురమే ఉండాము. కన్నడం, లెక్కలు చెప్పేదానికే పొద్దు చాలదు. పిల్లోళ్లకి బొమ్మలు, చేతిపని చెప్పేవాళ్లు లేరు. వారానికి రెండు పొద్దులు రాండి. జీతం లేదు, మధ్యాన్నం పిల్లోళ్లతో బిసియూట ఉండాది."

"ఊటలో ఉప్పు సరిగ్గా ఏస్తారా?"

"అది మీరే వచ్చి చూసి చెప్పల్ల."

ఉప్పు కొంచెం తక్కువే. అయినా మంగళవారం, శనివారం వెళ్లడం మొదలుపెట్టాను.

మొదటి రోజు అట్టలు, కత్తెరలు పంచాను. నేను బోర్డు వైపు తిరిగి మళ్లీ ఇటు తిరిగేలోపు అట్టలన్నీ ముక్కలయ్యాయి. ఏం చేస్తున్నారని అడిగితే ఒకడు "కత్తిరిస్తాండాము మిస్" అన్నాడు. ఏం చేయడానికి కత్తిరిస్తున్నావంటే వాడికి తెలియదు. కత్తెరలన్నీ తిరిగి పెట్టెలో వేసి తాళం పెట్టాను. ముందు మనసులో అనుకోవాలి, అనుకున్నది గీయాలి, గీసింది కొలవాలి, కొలిచాకే కత్తెర పట్టాలి. ఈ నాలుగు మెట్లూ అలవాటయ్యే వరకు కత్తెర ఇవ్వలేదు. గీత అర సెంటీమీటరు అటు ఇటు అయితే చెరిపించి మళ్లీ గీయించాను. నెల తిరక్కుండానే నాకు స్కేలు మిస్ అని పేరు పెట్టారు.

వెనక బెంచీ పిల్లవాడొకడు పక్కవాడితో అన్న మాట నా చెవిన పడింది. "మా యన్న వాళ్ల సార్ స్కేలుతో కొడ్తాడంట. ఈ మిస్ కొలుస్తాది. కొట్టేదే మేలురా, బిరీన అయిపోతాది."

అలవాటయ్యాక పిల్లలకు ఒక పని ఇచ్చాను. పిడి తిప్పితే కదిలే బొమ్మ ఒకటి చేయాలి. అంగట్లో ఏమీ కొనకూడదు. పాత అట్టపెట్టెలు, విరిగిన గొడుగు కమ్మీలు, తెగిన రబ్బరు చెప్పులు, సీసా మూతలు, వెదురు పుల్లలు, గోనె పురి, ఇవే సరుకులు. ఇంకొక షరతు కూడా పెట్టాను. చేసినవాళ్ల చేతిలో మాత్రమే తిరిగే బొమ్మ బొమ్మ కాదు. దాన్ని ఎప్పుడూ చూడని మనిషి వచ్చి తిప్పినా తిరగాలి. ఆ పరీక్షకు వంట చేసే ఆమెను పిలిచేదాన్ని. సాంబారు గుండిగలో గరిటె తిప్పిన చెయ్యి కదా, ఒక్క తిప్పుకు సగం బొమ్మలు ఊడిపోయేవి. పిల్లలు లబోదిబోమనేవాళ్లు. ఆమె "మీ మిస్సే తిప్పమనింది, నన్నేంటికి తిడ్తారు" అని నవ్వుకుంటూ పోయేది.

ఆమె చేతికి నిలిచినవాటిలో ఒకటి ఈ ఆవు. చేసింది ఒక పట్టుపురుగుల రైతు కూతురు. మాట తక్కువ, చెయ్యి చురుకు. అట్టపెట్టె లోపల గొడుగు కమ్మీని ఇరుసుగా పెట్టి, చెప్పు అట్టను గుండ్రంగా కోసి రెండు చక్రాలు గుచ్చింది. రంధ్రం చక్రం నడిమధ్యలో కాకుండా కాస్త పక్కకు పెట్టింది. అందువల్ల పిడి తిప్పినప్పుడు చక్రం ఒకసారి పైకి, ఒకసారి కిందికి వస్తుంది. ఒక చక్రం మీద ఆనిన పుల్ల ఆవు తలను ఎత్తి దించుతుంది. రెండో చక్రం మీద ఆనినది తోకను ఆడిస్తుంది. ఆవు పక్కన పాలు పితికే మనిషి ఒకడు కూర్చుని ఉంటాడు. ఆవు తల వంచి గడ్డి తింటుంది, తోక పోయి ఆ మనిషి చెంప మీద ఛెళ్లున తగులుతుంది.

తగలాలంటే తోక చాలా పొడవు పెట్టవలసి వచ్చింది. నేను ఒప్పుకోలేదు.

"ఏ ఊళ్లో ఆవుకు తోక నేల మీద అంత పొడుగు పారాడుతాది? పొయ్యి కొలుచుకోని రాండి" అన్నాను.

పిల్లలు టేపు పట్టుకుని ఊరి మీద పడ్డారు. ఆవు ఎత్తు ఎంత, తోక పొడవు ఎంత అని దొడ్డి దొడ్డికీ తిరిగి రాసుకొచ్చారు. ఒక ఆవు పాలచెంబును తన్నేసిందని ఒకామె బడికి వచ్చి పెద్దమిస్‌తో తగవు పెట్టుకుంది. లెక్క కట్టి చూస్తే తోక మూడు వేళ్ల మేర తగ్గించాలని తేలింది. తగ్గిస్తే మనిషి చెంపకు అందదు. అందకపోతే నవ్వు లేదు. తరగతి అంతా "పొడుగే ఉండనీ మిస్, బొమ్మే కదా" అని నా చుట్టూ చేరింది. ఆ పిల్ల మాత్రం తోకను కొలత ప్రకారం కత్తిరించి, పాలు పితికే మనిషిని పీకి, మూడు వేళ్లు ఆవు దగ్గరికి జరిపి అతికించింది. తిప్పింది. తగిలింది. నేను ఇరవై ఏళ్లు హైస్కూల్లో చెప్పాలని చూసిన పాఠం అదే.

పెద్దమిస్ ఆ ఆవును చింతామణిలో జరిగే తాలూకు బడుల వస్తు ప్రదర్శనకు పంపుదామంది. బడికి ఒక బొమ్మ, ఒక పిల్ల, ఒక టీచరు. నేను క్యాలెండరులో తేదీకి సున్నా చుట్టాను. తర్వాత వానల వల్ల దాన్ని వాయిదా వేశారని ఫోను వచ్చింది. కొత్త తేదీకి ఇంకో సున్నా చుట్టి, శనివారం తరగతిలో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల మాత్రం వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుని తల దించుకుంది.

"ఏమే, ఏమాయ?"

"ఆ పొద్దు మా పురుగులు పండతాయి మిస్."

తరగతిలో సగం మంది పురుగులు మేపే ఇళ్ల పిల్లలే. వివరం ఎవరూ అడగలేదు.

తెలియనివాళ్ల కోసం నేను చెబుతాను. పట్టుపురుగు మూడు వారాలకు పైగా మల్బరీ ఆకు తిని తిని ఒక పొద్దున తినడం ఆపేస్తుంది. ఒళ్లు ద్రాక్షపండులా వెలుతురుకు మెరుస్తుంది. తల పైకెత్తి గూడు కట్టుకునే చోటు వెతుక్కుంటుంది. దాన్నే పండడం అంటారు. అప్పుడు పండినవాటిని ఒక్కొక్కటిగా ఏరి చంద్రికల మీద వేయాలి. చంద్రిక అంటే వెదురు చాప మీద వెదురు బద్దను చుట్టలుగా నిలబెట్టి కట్టినది. ఆ సందుల్లో పురుగు శుభ్రమైన గూడు కడుతుంది. ఆలస్యం చేస్తే ఆకుల చెత్తలోనే కట్టేసుకుంటుంది. మరక పడ్డ గూడును మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. నెల రోజుల కష్టం ఒక్క పూటలో చేతికి వస్తుంది, లేదా పోతుంది. ఆ పూట ఇంట్లో ఉన్న చేతులన్నీ కావాలి.

సోమవారం ఆ పిల్ల తండ్రి పెద్దమిస్ దగ్గరికి వస్తున్నాడని తెలిసి నేను కూడా వెళ్లాను. మర్యాదగా నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బొమ్మ కదా మేడం, ఎవురు తిప్పినా తిరుగుతాది. ఇంగో పిల్లను పిలుచుకోని పోండి."

"చేసింది నీ కూతురు కదప్పా" అన్నాను.

"చేసింది, సంతోషమే. పురుగులు పొద్దు మార్చుకోవు కదా."

"ఆఫీసోళ్లు తేదీ మార్చకుంటే ఈ తంటా వచ్చేది కాదు."

"వాళ్లు మారుస్తారు మేడం. ఒక సర్క్యులర్ పురుగులకు కూడా పంపించమనండి, పాటిస్తాయేమో చూద్దాం."

పెద్దమిస్ నవ్వాపుకుంది. కూలివాళ్లను పెట్టుకోరాదా అని అడిగాను.

"యాడుండారు మేడం? తెల్లారే లోపలే టమాటా తోటలకి ఆటోలెక్కి పోతాండారు. మా ఇంట్లో నేను, మా ఇంటామె, మా యమ్మ, ఈ పాప. దాని చెయ్యి ఎంత చురుకో మీకే తెలుసు. అది లేకుంటే మాకు ఒగురు తక్కువ కాదు, ఇద్దురు తక్కువ."

అతని మాటలో తప్పేమీ లేదు. అదే నాకు కష్టమైంది. పైగా ఎవరు తిప్పినా తిరగాలని షరతు పెట్టింది నేనే. ఆ షరతు ప్రకారం ఆవుకు ఆ పిల్ల అవసరం లేదు.

మంగళవారం ఆ పిల్లే తన స్నేహితురాలిని కూర్చోబెట్టి నేర్పింది. పిడి ఇలా పట్టుకోవాలి, ఇటు తిప్పాలి, ప్రదర్శనలో సార్లు అడిగితే కన్నడంలో ఇలా చెప్పాలి. స్నేహితురాలు తిప్పింది. తోక తగిలింది. అంతా సరిగ్గానే జరిగింది. నేను పుస్తకాలు దిద్దుతున్నట్టు కూర్చుని వింటున్నాను.

"చక్రానికి బెజ్జం పక్కకేంటికి పెట్టినావని అడిగితే?"

"మిస్ పెట్టమన్యారని చెప్తా."

"మిస్ యాడ పెట్టమన్యారే? నేనే పెట్టినా!"

ఆ పిల్ల గొంతు అంత పెద్దగా నేను ఎప్పుడూ వినలేదు. ఆమెకూ కొత్తే అయి ఉండాలి, వెంటనే నోరు మూసుకుని అట్టపెట్టె మూత సర్దసాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

స్నేహితురాలు కాసేపు ఆవును చూసింది. కాసేపు ఈమెను చూసింది. "అట్లయితే నువ్వే పోవే. మీ పురుగులు నేను ఏరుతా."

"నువ్వొక్కదానివా? ఎన్ని ఉంటాయో తెలుసునా?"

"నేనూ వస్తా" అన్నాడు వెనక బెంచీవాడు. "మా ఇంట్లోవి పోయిన వారమే చంద్రికలెక్కినాయి. నాకు చెయ్యి అలవాటయి ఉండాది."

ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. చివరికి పురుగులు ముట్టుకోవాలంటే ఒళ్లు జలదరిస్తుందనే పిల్ల ఒకతె మిగిలింది. ఆమె చంద్రికలు మోస్తానంది.

పెద్దమిస్ అందరి ఇళ్లకూ వెళ్లి పెద్దవాళ్లను అడిగి వచ్చింది. ఎవరి పిల్లలూ ఇంట్లో పని మానుకుని రాకూడదు, బడి గంట కొట్టేసరికి అందరూ బళ్లో ఉండాలి అని నియమం పెట్టింది. ఆ పిల్ల తండ్రి మాత్రం "పిల్లోళ్లు ఆటలాడతారు మేడం, పని కాదు" అన్నాడు. రావద్దని మాత్రం అనలేదు.

ప్రదర్శన రోజు నేను మొదటి బస్సుకు పల్లెకు వెళ్లాను. పురుగుల ఇంటి వాకిట్లో ఆ పిల్ల అవ్వ నిలబడి ఉంది. లోపలికి పోయే ఒక్కొక్కరినీ ఆపి వాసన చూస్తోంది. పట్టుపురుగు వాసనలకు తట్టుకోలేదు. పౌడరు పూసుకొచ్చిన పిల్లలు తొట్టి దగ్గరికి పోయి మొహాలు కడుక్కున్నారు. పెద్దమిస్ తలలో మల్లెపూలు గడపకు బయటే ఆగిపోయాయి. నా వంతు వచ్చింది.

"టీచరమ్మా, ఏం పూసుకున్యావు?"

"మోకాళ్ల నూనె అమ్మా."

"నాకే తల తిరుగుతాండాది. అవి పసిబిడ్డలట్లా ఉంటాయి, అవెట్ల తట్టుకుంటాయి? ఇట్ల రా."

సబ్బుతో రెండుసార్లు మోకాళ్ల దాకా కడిగించింది. చీరకు కూడా అంటిందని, తన ఎర్రగళ్ల చీర ఒకటి తెచ్చి కట్టుకోమంది. ఆమె పొట్టి, నేను పొడవు. చీర పిక్కల దగ్గరే ఆగిపోయింది. పిల్లలు ఒకరినొకరు గిల్లుకుంటున్నారు.

"స్కేలు మిస్ చీరకి కొలత తప్పిందిరా" అన్నారెవరో. ఎవరన్నారో తెలుసు, తెలియనట్టు ఊరుకున్నాను.

లోపల తట్టల్లో పురుగులు తలలెత్తి ఊగుతున్నాయి. పిల్లలు రెండు చేతులతో ఏరుతున్నారు. నేను ఒక్కొక్క పురుగును కిటికీ వెలుతురుకు పట్టుకుని, నిజంగా పండిందా లేదా అని చూసుకుని పెడుతున్నాను.

అవ్వ కాసేపు చూసి ఇక ఓర్చుకోలేకపోయింది. "పురుగును చూస్తాండావా టీచరమ్మా, పెండ్లికొడుకును చూస్తాండావా?"

"పండనిదాన్ని ఏస్తే చంద్రిక చెడదా అమ్మా?"

"నువ్వు చూసే లోపల అది గూడు కట్టి, నూలయి, చీరయి అంగడికి పోతాది."

పురుగుల ఇల్లంతా నవ్వు. మొదట్లో ఓ మూల నిలబడి అనుమానంగా చూసిన తండ్రి కూడా నవ్వాడు. పిల్లలు ఆటలాడడం లేదని అప్పటికి అతనికి అర్థమైంది. ఒక వరుస తట్టలు అప్పటికే ఖాళీ అయ్యాయి. పురుగులంటే జలదరించే పిల్ల నిండిన చంద్రికలను ఒక్కటీ వంచకుండా చావడిలోకి చేరుస్తోంది. నేను కూడా వేగం పెంచాను. నా తట్ట పూర్తయ్యేసరికి అవ్వ వచ్చి చూసి ఇంకొక తట్ట నా ముందు పెట్టింది.

మా బస్సు ఎనిమిదిన్నరకు. నేను టైము చెప్పాను. ఆ పిల్ల లేవలేదు. ఇంకోసారి చెప్పాను. "ఇంగా రెండు తట్లు ఉండాయి మిస్" అంది తల ఎత్తకుండా.

ఈసారి తండ్రే వచ్చి ఆమె చేతిలోంచి తట్ట లాక్కున్నాడు. "లెయ్. బస్సొస్తాది."

"రెండు తట్లు నాయనా..."

"ఉంటే ఉండనీ. నీ బదులు తరగతంతా ఉండాది ఈడ. చేతులు కడుక్కో, పో. ఆవును మర్చిపోవద్దు."

ఆ హడావుడిలో ఆవును మర్చిపోలేదు గానీ నా చీరను మర్చిపోయాను. బస్సు కదిలి కొంతదూరం పోయాక పిక్కలకు గాలి తగిలి తెలిసింది. దిగితే ఇంకో బస్సు లేదు, చింతామణిలో మా ఇంటికి పోయి మార్చుకునే టైమూ లేదు. ఇస్త్రీ చీర లేకుండా గడప దాటని నేను ఆ ఎర్రగళ్ల చీరతోనే చింతామణిలో ప్రదర్శన హాలులోకి అడుగుపెట్టాను. పక్క బల్ల దగ్గరి టీచరు, నన్ను ఎరిగినామె, పైనుంచి కింది దాకా చూసి, "ఏం మేడం, మీరు కూడా ప్రదర్శనలో ఉండారా?" అంది.

హాలు నిండా థర్మాకోలు అగ్నిపర్వతాలు, రంగుబల్బుల గ్రహాలు. మా ఆవు అట్టరంగులోనే ఉంది. పరీక్షించే ఇద్దరు సార్లు వరుసగా వస్తున్నారు. మా బల్ల దగ్గర ఆగిన పెద్ద సారు, ఏమీ అడక్కుండా పిడి పట్టుకుని వెనక్కి తిప్పాడు. తోక పోయి పాలు పితికేవాడి చంకలో ఇరుక్కుంది. వంటామె వెనక్కి తిప్పి పరీక్షించలేదు, నేనూ తిప్పమనలేదు.

ఆ పిల్ల మాత్రం తొణకలేదు. తోకను మెల్లగా విడిపించి, "సార్, ఆవును ఎనక్కి నడిపిస్తే పాలీదు" అంది.

పక్క సారు ఫక్కున నవ్వాడు. పెద్ద సారు ముందుకు తిప్పాడు. తల వంగింది, తోక ఛెళ్లుమంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ. అగ్నిపర్వతాల దగ్గరి పిల్లలు వచ్చి మూగారు. సారు కన్నడంలో అడగడం మొదలుపెట్టాడు. ఆమె నేర్చుకున్నదంతా కన్నడంలో చెప్పింది. బెజ్జం పక్కకెందుకు అన్న ప్రశ్న రాగానే కన్నడం వదిలేసి తెలుగులోకి దిగింది. సారు కూడా ఏమీ తేడా లేనట్టు తెలుగులోనే అందుకున్నాడు.

"నడాన పెడితే చక్రం ఊరికే తిరుగుతాది సార్. పక్కకి పెడితే ఎగిరెగిరి తిరుగుతాది. ఆ ఎగరేదే తోకను కొడ్తాది."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలేదు. మా సైకిలు చక్రం వంకరపోయింటే చూసినా."

"తోక కొంచెం పొడుగాయనేమో కదా పాపా?"

"లేదు సార్. ఊళ్లో ఆవులన్నీ కొలిచి పెట్టినాము. మనిషే దగ్గరికి కూసున్యాడు."

నేను బల్ల వెనక నిలబడి చూస్తున్నాను. నా అవసరం రాలేదు.

సాయంత్రం ఫలితాలు చదివారు. చిక్కబళ్లాపురంలో జరిగే జిల్లా ప్రదర్శనకు మూడు బొమ్మలు ఎంపికయ్యాయి. మొదటిది ఒక అగ్నిపర్వతం, రెండోది నీటి మర, మూడోది మాది. మూడో స్థానమంటే సరిగ్గా ఎన్ని మార్కులు తగ్గాయో అడుగుదామనుకున్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఎగురుతుంటే వదిలేశాను.

ఊరు చేరేసరికి చావడి పొడుగునా చంద్రికలు వాల్చి ఉన్నాయి. ప్రతి సందులోనూ పలచని దారపు పొర లేస్తోంది. తట్టలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. ఒక్క పురుగు కూడా చెత్తలో కట్టలేదని అవ్వ చెప్పింది, గంట కొట్టకముందే పిల్లలందరినీ తరిమేశానని కూడా చెప్పింది. తండ్రి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కూతురు ఒగరుస్తూ అంతా చెప్పింది. మొదట ఎవరు, రెండు ఎవరు అని అతను అడగలేదు.

"చిక్కబళ్లాపురంలో ఎప్పుడు మేడం?"

"వచ్చే నెలాఖరు. తేదీ చెప్పినారు, అయితే మళ్లీ మారుస్తారేమో నాకు తెలీదప్పా."

అతను కాసేపు ఆకాశం వైపు చూసి ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, చిన్న పురుగులను పెంచి రైతులకిచ్చే ఆయనకు చేశాడు. ఫోను స్పీకరులోనే మాట్లాడే మనిషి, అవతలి గొంతు కూడా మాకు వినబడుతోంది.

"అప్పా, మళ్లీ పంటకి మాకు పురుగులు ఒక వారం ఆలస్యంగా ఇయ్యి... ఊఁ, వారమే. ఇంగా పదిరోజులైనా మేలే."

"ఏంటికప్పా? ఆకు లేదా?"

"ఆకు బాగానే ఉండాది. మా ఆవు చిక్కబళ్లాపురం పోవల్ల."

"అయ్యో, ఆవును అమ్మేస్తాండావా? ఎంతకప్పా? నాకు చెప్పకూడదా?"

అతను జవాబు చెప్పేలోపల కూతురు పరిగెత్తుకొచ్చి ఫోనులోకి అరిచింది.

"అమ్మేది లేదు మామా! నువ్వొచ్చి కావాలంటే ఒకసారి తిప్పిపో!"